తెలియదని చెప్పే ఉద్యోగం

సువర్ణ గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. అయినా పుంగనూరులో మా టమోటా షెడ్డు నడిమధ్య, ముప్పై రెండు మంది ఆడవాళ్ళ ముందు, ఆమె మేనేజరు దామోదర్ సారును ఉత్త టీ గ్లాసుతో ఓడించడం ఈ రెండు కళ్ళతో చూశాను.

ఆ రోజు దామోదర్ సారు మదనపల్లె ఆఫీసు నుంచి ఒక రంగుల పుస్తకం పట్టుకొని వచ్చాడు. అందులో కాయ ఏరే యంత్రం బొమ్మ ఉంది. ఈ పక్క కాయ పోస్తే ఆ పక్క ఒకటో రకం, రెండో రకం, మూడో రకం దేనికదే రాలిపడుతుందట. ఇరవై మంది చేసే పని నలుగురితో అయిపోతుందట. మిగతా పదహారు మంది అక్కడే కూర్చుని కాయ ఏరుతూ ఈ మాటలు వింటున్నారన్న ఆలోచన ఆయనకు రాలేదు. పెద్ద చదువు చదివినవాళ్ళకు అంత చిన్న సంగతులు తోచవు.

"మిషను కొనేస్తే మూడేండ్లలో దాని ఖర్చు అదే తెచ్చుకుంటాది. గ్యారంటీ," అన్నాడు సారు.

"ఎంత గ్యారంటీ సార్?" అంది ఆఫీసు నుంచి ఆయనతోపాటు వచ్చిన సువర్ణ.

"గ్యారంటీలో ఎంత ఏందమ్మా? నూటికి నూరు."

"అట్లయితే ఒక మాట సార్. మొదటి సీజన్లో మీరు చెప్పినట్ల పని జరక్కపోతే, ఈ షెడ్డులో అందురికీ మీరే మీ చేత్తో టీ పోసియ్యల్ల. ఒక నెల."

"నెలా? నేను మేనేజర్నా, టీ మాస్టర్నా?"

"జరక్కపోయేదే ల్యా అంటిరి కదా సార్. ఒప్పుకునేదానికేం?"

"సరే, ఒక వారం."

"అంటే నూరు కాదు."

"మూడు దినాలు పోస్తాలే!"

సువర్ణ నిదానంగా ఆయననే చూస్తూ నిలబడింది. సారు మావైపు తిరిగి చూశాడు. ముప్పై రెండు మూతులు టీ కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించి ఉంటాయి ఆయనకు.

"ఒక్క పూట," అన్నాడు గొంతు తగ్గించి.

నాకు నోరు ఊరకుండదు. "ఏం సువర్ణమ్మా, పందెం కడ్తాండావు. మీ చర్చిలో ఒప్పుకొంటారా?" అన్నాను.

"పందెం కాదవ్వా, కొలత. సారు నమ్మకం ఎంత పొడుగుండాదో సూసినా. నెలతో మొదులుపెడితే పూటకొచ్చి నిలిచింది." ఆమె సారువైపు తిరిగింది. "నేను వద్దనలేదు సార్. ఒక సీజనుకు బాడుగకు తెప్పించండి. బాగుంటే అప్పుడే కొనొచ్చు."

బాడుగకే తెప్పించారు. మా కాయ కొంచెం కోలగా, ముక్కుతో ఉంటుంది. ఆ యంత్రానికి గుండ్రని కాయ మాత్రమే కాయ. మంచిదంతా రెండో రకంలో పడేసింది. నలభై రోజులకు లారీ ఎక్కి వచ్చిన దారినే పోయింది. నేను సువర్ణ చేయి పట్టుకొని, "నువ్వు చెప్పిందే నిజమాయె తల్లీ," అన్నాను.

"నేనేం చెప్పినా అవ్వా? నాకూ తెలీదు. వేరే రకం కాయయితే అది బాగానే పనిచేసుండును."

తెలీదు అని చెప్పడానికి నెలనెలా జీతం తీసుకునే మనిషిని ఆ రోజే మొదటిసారి చూశాను. అన్నీ తెలుసునని చెప్పే నాకేమో దినకూలి.

ఆమె సంగతి కొంత చెప్పాలి. సువర్ణ తాత కురబలకోట పక్క పొలాల్లో కూలి చేసినవాడు. తండ్రి ఐజాక్ నాలుగక్షరాలు నేర్చుకొని మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరయ్యాడు. ఆసుపత్రి వెనక క్వార్టర్సులో పుట్టి పెరిగింది ఈ పిల్ల. రోగుల తాలూకు జనం వరండాలో ఐజాక్‌ను పట్టుకొని, "అప్పా, మావోడు బతుకుతాడా?" అని అడిగేవాళ్ళట. మిగతావాళ్ళు దేవుడున్నాడు పో అని పంపేసేవాళ్ళు. ఐజాక్ మాత్రం నిలబడి చెప్పేవాడట: "ఇట్లాంటోళ్ళు పదిమంది వస్తే ఏడుగురు నడిచి ఇంటికి పోయినారు. మీవోడు ఆ ఏడులో ఉండాడో మూడులో ఉండాడో నాకు తెలీదు. ఏడు కోసం మందు ఇస్తాం. మూడు కోసం మీరూ దగ్గిరోళ్ళకు కబురు చెయ్యండి."

ఆ మాటకు శాపనార్థాలు పెట్టినవాళ్ళున్నారట. అయితే ఇంకోసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు వాళ్ళే ఐజాక్ ఎక్కడని వెతికేవాళ్ళట.

కూతురు ఆ ఆసుపత్రిలోనే కొన్నేళ్ళు కాగితాల గదిలో పనిచేసి, తర్వాత మా టమోటా కంపెనీలో చేరింది. మేనేజర్లకు ఎప్పుడూ ఏదో ఒకటి కట్టాలనీ కొనాలనీ ఉంటుంది. చల్లగది, లారీ, కొత్త ఊర్లో షెడ్డు. కడితే ఏమవుతుందో, కట్టకపోతే ఏమవుతుందో, ఎక్కడ తెలుసు, ఎక్కడ తెలియదు అని వాళ్ళ ముందు పెట్టడం ఈమె పని. మీటింగు మొదలుకాకముందే అందరికీ తలా ఒక చీటీ ఇస్తుంది. ఎవరూ నోరు తెరవకుండా తమ అంచనా రాసి, మడిచి, ఆమె తెచ్చిన బిస్కెట్ల డబ్బాలో వేయాలి. ఎందుకమ్మా ఈ దాగుడుమూతలు అంటే, "పెద్ద సారు నోరు తెరిస్తే మిగతావాళ్ళ అంచనాలన్నీ పోయి ఆయన అంచనాలో దూరిపోతాయవ్వా," అంది.

ఇక నా ఘనత వినండి. నాది సదుం పక్క పల్లె. చదువు మూడో తరగతి, అందులోనూ సగం. టమోటాతో యాభై ఏళ్ళ సావాసం. ఈ షెడ్డుకు మేస్త్రిని. కాయను బొటనవేలితో నొక్కి ఇది ఎన్ని రోజులు నిలుస్తుందో చెప్పేస్తాను. అక్కడితో ఆగితే నేను రామలక్ష్మమ్మను ఎలా అవుతాను? ఆషాఢంలో ధర ఎంతుంటుంది, వాన ఏ వారం పడుతుంది, ఎవరి బోరు ఎండిపోతుంది, అన్నీ చెప్పేదాన్ని. మదనపల్లె నుంచి వచ్చే మేనేజర్లు కారు ఆపి మరీ అడిగేవాళ్ళు. నేను వక్కాకు నములుతూ, కాసేపు ఆకాశం చూసి చెప్పేదాన్ని. ఆకాశంలో ఏమీ ఉండదు. కానీ చూడకుండా చెబితే విలువ ఉండదు. చెప్పింది జరిగితే పుంగనూరంతా తెలిసేలా చూసేదాన్ని. జరగకపోతే ఆ మాట ఎత్తేవాళ్ళు ఉండరు. నేను అసలే ఎత్తను.

ఒక మధ్యాహ్నం సంగటి ముద్దలు విప్పుకొని కూర్చున్నాం. నా పక్కన ఎప్పుడూ కూర్చునే అమరావతితో, "నా మాట ఇంతవరకు తప్పింది ల్యా," అంటున్నాను. సువర్ణ షెడ్డు పని మీద వచ్చి మాతోపాటే తింటూ ఉంది. చేయి కడుక్కొని సంచీలోంచి ఒక నీలిరంగు నోటుపుస్తకం తీసింది.

"రెండేండ్లుగా నువ్వు చెప్పిందంతా తేదీ ఏసి రాసిపెట్టినా అవ్వా. సదవమంటావా?"

"సదువు. అందురూ ఇనండమ్మా," అన్నాను పెద్ద గొంతుతో. నా ఖర్మ.

"ధరలు, వానలు, బోర్లు కలిపి నలభై ఒకటి చెప్పినావు. పద్దెనిమిది జరిగినాయి."

అంతలో అమరావతికి పొరబోయి, సంగటి గొంతులోంచి ముక్కుకెక్కి, దగ్గుతూనే అంది: "బొమ్మా బొరుసా ఏసినా ఇంతకంటే మేలు కదక్కా!"

"నువ్వు రాసిందే తప్పేమో," అన్నాను సువర్ణతో.

ఆమె పుటలు తిప్పి, ఉగాది రోజు నేను చెప్పిన వాన గురించి చదివింది. అది ఇంతవరకు పడలేదు. మళ్ళీ తనే మెత్తగా అంది: "కాయ నొక్కి చెప్పినవి వేరేగా రాసినా అవ్వా. దాంట్లో నీకు సాటి ల్యారు. పదిట్లో తొమ్మిది నిజం."

మొదటి లెక్క నేను ఆ పూటే మరిచిపోయాను. రెండో లెక్క మాత్రం నెల రోజులు ఊరంతా చెప్పుకొని తిరిగాను. పదిలో తొమ్మిది! తప్పిన ఆ పదోది ఎక్కడుందని ఒక్కసారైనా అనుకోలేదు. అది కుప్పంలో నాకోసం కాచుకొని ఉంది.

కుప్పంలో పెద్ద షెడ్డు, దానికి ఆనుకొని చల్లగది కట్టాలని దామోదర్ సారుకు ఆశ పుట్టింది. బెంగళూరుకూ చెన్నైకీ అక్కడినుంచి దారి దగ్గర. రోడ్డు పక్కనే వెంకటముని అనే ఆయన నేల అమ్మకానికి ఉంది. చుట్టుపక్కల పండే కాయ ఎలాంటిదో చూద్దామని జీపు కట్టారు. నన్ను రమ్మన్నారు. అది కూడా ముందు సీట్లో! సారు, సువర్ణ వెనక కూర్చున్నారు. పలమనేరు దాటేదాకా తెలిసినవాళ్ళు ఎవరైనా నన్ను చూస్తారేమోనని కిటికీలోంచి తల బయటపెట్టే ఉన్నాను.

దారిలో సువర్ణ ముందుకు వంగింది. "అవ్వా, కాయ సూడకముందే ఒక మాట చెప్పు. ఏం కనపడితే బాగుండాది అంటావు, ఏం కనపడితే బాగలేదు అంటావు? రాసుకుంటా."

"కాయ సూడకుండా కాయ సంగతి చెప్పేదానికి నేనేమన్నా సోదెమ్మనా?"

యాభై ఏళ్ళు సోదె చెప్పినదాన్నే నేను. ఆమె ఆ మాట అనలేదు. చీటీ మడిచి సంచీలో పెట్టుకుంది.

వెంకటముని చలువ పందిరి వేయించాడు. పందిరి కింద నలభై క్రేట్ల కాయ, ఎర్రగా, కడిగిన ముఖాల్లా. కొబ్బరినీళ్ళు ఇచ్చాడు. నాకు కుర్చీ వేశాడు. "అమ్మా, మీ బొటనేలు పడితే చాలని మదనపల్లె మార్కెట్టు యార్డంతా చెప్పుకుంటాది," అన్నాడు. ఆ తర్వాత ఆయన గుమ్మడికాయ చూపించి టమోటా అన్నా నేను తలూపేదాన్ని.

ఒక్కో క్రేటూ నా కుర్చీ దగ్గరికి తెచ్చారు. పైవరుస కాయలు నొక్కి చూశాను. సారు వైపు తిరిగి తీర్పు చెప్పాను: "తోలు మందం, లోపల గట్టి. ఇది కుప్పం ఎర్రమట్టి మహిమ. మన పుంగనూరు కాయ దీని కాలిగోటికి చాలదు సార్. చెన్నై ఏంది, కాశీకి పంపినా చెదరదు."

చప్పట్లు కొట్టారు. యాభై ఏళ్ళుగా పెద్దపంజాణి రైతులు క్రేటు తెచ్చిన ప్రతిసారీ, "పైవరుస అత్తగారికి, అడుగువరుస కోడలికి, తిరగెయ్యప్పా!" అని గద్దించినదాన్ని, ఆ రోజు ఒక్క క్రేటూ తిరగేయలేదు. కుర్చీలోంచి లేవాలి కదా.

సువర్ణ చప్పట్లు కొట్టలేదు. ఒక క్రేటు అడిగి జీపు వెనక పెట్టించుకుంది. పది రోజులు ఆఫీసు వెనక గదిలో పెట్టి చూస్తానంది. నా బొటనవేలికి పైన పరీక్షా అని నేను తిరుగుదారిలో ఆమెతో మాట్లాడలేదు.

వారానికి దామోదర్ సారు షెడ్డుకు వచ్చాడు. కుప్పంలో కట్టడం దాదాపు ఖాయమైందట. రెండు చోట్ల నడపడం కంపెనీకి కుదరదు కాబట్టి దీపావళి తర్వాత పుంగనూరు షెడ్డు మూసేస్తారట.

"యాల సార్? మేమేం తప్పు చేసినాం?" అంది అమరావతి.

"తప్పేం ల్యాదమ్మా. మీ రామలక్ష్మమ్మే కదా చెప్పింది, ఈడి కాయ ఆడి కాయ కాలిగోటికి చాలదని."

ముప్పై ఒక్క మంది నావైపు తిరిగారు. ఈ షెడ్డు మూతపడితే వాళ్ళలో సగం మంది మళ్ళీ ఎండలో కూలికి పోవాలి. మిగతా సగానికి ఆ కూలి కూడా దొరకదు. జీపు ముందు సీటు కోసం నా షెడ్డు తలుపును నా నోటితోనే మూశాను. రోజూ తన మజ్జిగ చెంబులోంచి నాకు సగం పోసే అమరావతి ఆ రోజు నా ముందే గటగటా తాగి చెంబు బోర్లించింది.

రెండు రోజులకు సువర్ణ బస్సు దిగి వచ్చింది. నన్ను షెడ్డు వెనక్కి పిలిచింది.

"అవ్వా, మీ షెడ్డులో క్రేటు అడుగున వేపరెమ్మ పెడతారు కదా. ఎవురు నేర్పినారు?"

"ఎవురు నేర్పేదేంది, నేనే. గంపల కాలంలో మా అత్త పెడతాండె. దిష్టి తగలదు, పురుగు చేరదు."

"ఇంగెవురన్నా పెడతారా?"

"యార్డులో పోయి అడుగు! మా షెడ్డు తప్ప యాడా పెట్టరు. అది నా ముద్ర."

సువర్ణ చేతిరుమాలు విప్పింది. అందులో ఎండిపోయిన వేపరెమ్మ.

"కుప్పం నుంచి తెచ్చిన క్రేటును నిన్న తిరగేసినా. అడుగున ఉండె."

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏమీ అర్థం కాకపోతే బాగుండునే అనిపించింది. మా ఒకటో రకం కాయ నేరుగా చెన్నైకి పోతుంది. రెండో రకాన్ని యార్డు పసుపు క్రేట్లలో సర్ది మదనపల్లెకు పంపిస్తాం. ఆ క్రేట్లు అన్ని ఊర్లలోనూ ఒకటే. నేల అమ్ముకోవాలన్న ఆత్రంలో వెంకటముని మదనపల్లెలో ఆ కాయ కొని, పైవరుస తుడిచి సర్ది, కుప్పం పంట అని పందిరి కింద పెట్టాడు. అంటే మంగళవారం పనికిరాదని నా చేత్తో పక్కకు తోసిన కాయనే గురువారం కుర్చీలో కూర్చొని కాశీకి పంపాను. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన కోడలిని సంతలో చూసి, ఎవరింటి మహాలక్ష్మో అన్నట్టు.

ఏడవాలో నవ్వాలో తెలియక అరిచాను. "బిన్నా పో, ఇప్పుడే చెప్పు సారుకు! ఆ ఎంకటముని దొంగని! కుప్పం కాయ పనికిరాదని! మా షెడ్డు నిలబడతాది!"

"దొంగ సంగతి చెప్తా. కుప్పం కాయ పనికిరాదని ఎట్ల చెప్పేది అవ్వా? మనం సూసింది పుంగనూరు కాయ. కుప్పం కాయను ఇంతవరకు సూడనే ల్యా. అది మంచిదై కూడా ఉండొచ్చు."

"నువ్వు మా పక్కా, వాళ్ళ పక్కా?"

"ఆ పక్క ఈ పక్క కాదవ్వా. నీ మాట మీదనే వాళ్ళు గోడలు లేపాలని సూస్తాండారు. ఆ మాట నువ్వే వచ్చి తియ్యల్ల. నేను తీస్తే నిలవదు."

సోమవారం మదనపల్లె ఆఫీసు మేడ మెట్లెక్కాను. ఆరుగురు సార్లు బల్ల చుట్టూ కూర్చొని ఉన్నారు. కుర్చీ వేయబోయారు. వద్దన్నాను, కుర్చీలంటే నాకు అప్పటికే భయం పట్టుకుంది. వేపరెమ్మ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. నలభై ఒకటికి పద్దెనిమిది అన్న లెక్క కూడా చెప్పాను. అక్కడిదాకా నోరు బాగానే నడిచింది. ఆఖరుకు దామోదర్ సారు, "అయితే కుప్పం కాయ ఎట్లుండాది పెద్దమ్మా?" అని అడిగాడు.

ఆకాశం చూద్దామనుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతూ ఉంది.

"నాకు తెలీదు సార్," అన్నాను. డెబ్బై ఏళ్ళలో ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు. పన్ను పీకించుకున్నట్టే ఉంది.

"అంటే పుంగనూరు షెడ్డే ఉంచమంటావా?"

నేను అవును అనబోయేంతలో సువర్ణ అందుకుంది. "అదీ చెప్పలేం సార్." ఆమె తొడ గిల్లాలన్నంత కోపం వచ్చింది నాకు. "నేల కొంటే మళ్ళీ ఎనక్కి రాలేం. ఒక సీజను కుప్పంలో చిన్న షెడ్డు బాడుగకు తీసుకుందాం. ఆడి రైతుల కాయ ఆణ్ణే ఏరి సూద్దాం. అంతవరకు పుంగనూరు మూసేది వద్దు. సూసినాక రెండిట్లో ఏదో ఒకటి."

చీటీలు పంచింది. డబ్బా తిరిగింది. విప్పి చూస్తే ఆరింటిలో అయిదు ఒక సీజను ఆగుదామనే ఉన్నాయి. ఆరోది ఎవరిదో ఆమె చెప్పలేదు గానీ, దామోదర్ సారు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

మెట్లు దిగుతూ నేను గాల్లో తేలుతున్నాను. షెడ్డు నిలబడింది, ఒక సీజనుకైనా. ఈ రోజు అమరావతి మజ్జిగ పోయక ఎక్కడికి పోతుంది! కింద మెట్టు దగ్గర సువర్ణ నన్ను నిలబెట్టింది.

"కుప్పానికి నువ్వే పోవల్ల అవ్వా. సీజనంతా ఆణ్ణే ఉండి కాయ సూడల్ల."

"నేనా? మా షెడ్డు ఉండేదా పొయ్యేదా అనేది నా చేత్తో నేనే తేల్చాల్నా? నీకు కండ్లు ల్యావా పాపా?"

"నీ చెయ్యి పదిట్లో తొమ్మిది. ఇంగెవురికీ అంత ల్యా."

"ఆ పదోది మొన్ననే సూస్తివి కదా."

"అందుకే కుర్చీ వద్దు, ప్రతి క్రేటూ తిరగెయ్యి."

"తిరగేస్తే కాయ నిజంగానే బాగుంటే?"

సువర్ణ సంచీలోంచి చీటీ తీసి నా అరచేతిలో పెట్టింది. మీద తన పెన్ను పెట్టింది. జీపులో నేను వద్దన్న చీటీనే అది, మడతలు పడి ఉంది.

"అది ఇప్పుడే రాయవ్వా. పది క్రేట్లు తిరగేస్తే ఎన్ని బాగుంటే, పుంగనూరు షెడ్డు మూసేయండి సార్ అని నీ నోటితో నువ్వే చెప్తావు? ఒక్క అంకె. ఆడికి పోయినాక కాదు, బస్సెక్కకముందే. రాసి, మడిచి, డబ్బాలో ఎయ్యి."